కళ్లెం వదిలిన కణాలకు టీకా వేయవచ్చా?

1933లో జరిగిన మూడు సంగతులతో మొదలుపెడతాను. ఆ ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ క్యాన్సర్ పట్టిన ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో పూర్తిగా తీసేసి రోగిని బతికించాడు. అలా నెగ్గడం ప్రపంచంలో అదే మొదలు. అదే ఏడాది లండన్‌లో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా కలిసి మనుషులకు ఫ్లూ తెచ్చే వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నారు. ఇక వేసవిలో, మళ్లీ సెయింట్ లూయిస్‌లోనే, మెదడువాపు జ్వరం ఊరంతా చుట్టుకుంది. ఆ నమూనాలను పరీక్షిస్తున్న చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అనుకోకుండా మరో వైరస్ దొరికింది. అది ఎలుకల్లో కాపురముండే ఎల్‌సీఎంవీ. ఈ మూడు సంగతులకూ సంబంధముందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. ఎనభై ఏళ్లు గడిచాక ఒకే రోగి మంచం దగ్గర మూడూ కలిశాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి, ఆ ఎలుక వైరస్ మీద పరిశోధనల ఆసరాతో ఎదిగిన మందు, వానాకాలం రాగానే వచ్చిపడే ఫ్లూ. ఆ మంచం దగ్గర ఒక ప్రశ్న పుట్టింది: "ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, ఫ్లూ టీకా వేయించుకోవచ్చా డాక్టరుగారూ?"

ఈ ప్రశ్నకు ఇప్పటికీ మన ఇళ్లలో వినిపించే జవాబు "ఇప్పుడెందుకు, ట్రీట్‌మెంట్ అయ్యాక చూద్దాం" అనే. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఎందుకు చెల్లదో తెలియాలంటే నూటముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే యువ సర్జన్, పదిహేడేళ్ల అమ్మాయి ఎముక క్యాన్సర్‌తో తన కళ్లముందే చనిపోవడం తట్టుకోలేక ఆసుపత్రి పాత రికార్డులు తిరగేశాడు. మెడ మీద కణితికి మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయించుకుని, ఆశ వదులుకున్న దశలో చర్మానికి తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకి, ఆ జ్వరంతో పాటే కణితి కూడా కరిగిపోయిన ఒక వలస కార్మికుడి కథ అందులో దొరికింది. కోలీ పేటలన్నీ గాలించి అతన్ని వెతికి పట్టుకున్నాడు. ఏళ్లు గడిచినా ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. అప్పటి నుంచి కోలీ క్యాన్సర్ రోగులకు కావాలనే బ్యాక్టీరియా ఎక్కించాడు, తర్వాత చంపిన బ్యాక్టీరియా మిశ్రమం వాడాడు. కొందరికి నయమైంది, కొందరు ఆ జ్వరానికే పోయారు. ఎందుకు నయమవుతోందో ఆయన చెప్పలేకపోయాడు. చెప్పలేని వైద్యాన్ని రేడియం, ఎక్స్‌రేల మోజులో ఉన్న కాలం పక్కన పెట్టేసింది.

వైరస్‌ల విషయంలోనూ ఇలాంటి కథలే. ఫ్లూ సోకిన తర్వాత లుకేమియా తగ్గుముఖం పట్టిన స్త్రీ గురించి 1904లో జార్జ్ డాక్ రాశాడు. 1971లో ఉగాండాలో తట్టు పోసిన ఒక బాలుడికి కంటి చుట్టూ ఉన్న కణితి మందు లేకుండానే అణగిపోయిందని లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ రెండింటి మధ్య ఒక చీకటి అధ్యాయం ఉంది. 1949లో హాడ్జ్‌కిన్ వ్యాధి ఉన్న రోగులకు హెపటైటిస్ వైరస్‌ను కావాలని ఎక్కించారు. కొందరికి కొద్దికాలం మేలు జరిగింది, కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ. ఆ రోగులకు ఏం జరుగుతోందో ఏ మేరకు చెప్పారో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ తరం పనుల్లో నిలబడి మిగిలింది 1957 నాటి ఆవిష్కరణ. లండన్ మిల్‌హిల్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ కోడిగుడ్డు పొరల మీద ఫ్లూ వైరస్‌తో పనిచేస్తూ, వైరస్ తాకిన కణాలు మిగతా కణాలను అప్రమత్తం చేసే ఒక పదార్థాన్ని విడుదల చేస్తాయని గుర్తించారు. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఈ పేరు గుర్తుంచుకోండి, 2025లో మళ్లీ వస్తుంది.

ఇక కీమో యుగం. ఇందులో మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. రసాయనంతో క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని లోకానికి నమ్మకం కలిగింది అప్పుడే. 1970ల చివర సిస్‌ప్లాటిన్ వచ్చి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా కీమో చేరింది. కీమో వేగంగా పెరిగే కణాలన్నింటినీ కొడుతుంది. అందులో తెల్ల రక్తకణాలూ ఉంటాయి. "కౌంట్ పడిపోయింది" అనే మాట క్యాన్సర్ వార్డుల్లో రోజువారీ మాటైంది.

టీకాల మీద అనుమానం ఈ కాలంలోనే గట్టిపడింది, దానికి కారణమూ ఉంది. 1960ల మొదట్లో, బలహీనపరిచిన సజీవ తట్టు టీకా వేసిన లుకేమియా పిల్లల్లో ప్రాణాంతకమైన న్యుమోనియా వచ్చింది. ఆరోగ్యవంతుడికి రక్ష అయిన వైరస్, కాపలా లేని ఒంట్లో హద్దు మీరింది. జపాన్‌లో మిచియాకి తకహాషి 1974లో ప్రకటించిన ఆటలమ్మ టీకాను లుకేమియా పిల్లల కోసమే ఎంతో జాగ్రత్తగా, చికిత్సలో విరామాలు చూసి పరీక్షించాల్సి వచ్చింది. చంపిన వైరస్‌తో చేసే ఫ్లూ టీకాతో ఈ ప్రమాదం లేదు. కానీ కౌంట్ లేని రోజుల్లో వేస్తే ఒళ్లు దానికి సరిగ్గా స్పందించదు. అలా డాక్టర్ల చేతికి రెండు నియమాలు అలవాటయ్యాయి: సజీవ టీకా ఇవ్వకూడదు, నిర్జీవ టీకా ఇచ్చినా అంతంత మాత్రమే. రోగుల చెవికి చేరేసరికి రెండూ కలిసి "క్యాన్సర్ వాళ్లకు టీకాలు పడవు" అనే ఒక్క మాటగా మిగిలాయి. మొదటి నియమం నేటికీ సరైనదే. ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ సరైనది కాదు.

ఈలోగా ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టిన ఎలుక వైరస్ ప్రయోగశాలల్లో నెమ్మదిగా తన పని చేసుకుపోతోంది. 1970లలో కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ దాని సాయంతోనే ఒంటికి కాపలా కాసే టి కణాలు వైరస్ సోకిన కణాన్ని ఎలా గుర్తుపడతాయో తేల్చి, 1996లో నోబెల్ అందుకున్నారు. ఆ తర్వాతి మలుపు తిప్పినవాళ్లలో ముఖ్యుడు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్. ఎల్‌సీఎంవీలో ఒంట్లోంచి పోకుండా తిష్ఠవేసే ఒక రకాన్ని ఆయన 1980లలో వేరుచేశాడు. దానితో నెలల తరబడి పోరాడిన టి కణాలు చచ్చిపోవని, ఉంటూనే పని మానేస్తాయని 1998లో ఆయన బృందం చూపించింది. శత్రువు ఎదురుగా ఉంటుంది, కణం చూస్తూ ఉంటుంది, చెయ్యి మాత్రం లేవదు. ఎందుకు? 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం కనుగొన్న పీడీ-1 అనే అణువు ఆ అలసిన కణాల మీద దట్టంగా ఉంది. ఇది టి కణానికి కళ్లెం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది సొంత ఒంటి మీదికే దూకకుండా పట్టి ఉంచుతుంది. ఆ కళ్లెం పనిచేయకుండా అడ్డుపెడితే అలసిన కణాలు మళ్లీ లేచి వైరస్‌ను తగ్గిస్తాయని 2006లో నేచర్ పత్రికలో అహ్మద్ బృందం ప్రకటించింది.

కణితిలో చిక్కుకున్న టి కణాల పరిస్థితి కూడా ఇదే. జేమ్స్ ఆలిసన్ సీటీఎల్‌ఏ-4 అనే మరో కళ్లెం మీద చేసిన పని, హోంజో పీడీ-1 పని కలిసి 2018 నోబెల్ తెచ్చాయి. బహుమతి క్యాన్సర్ చికిత్సకు వచ్చినా, అలసిన టి కణాన్ని తిరిగి లేపవచ్చనే ధైర్యంలో పెద్ద వాటా వైరస్ పరిశోధనది. ఇమ్యునోథెరపీ, వైరస్ ఇన్‌ఫెక్షన్ రెండు వేర్వేరు గదుల సంగతులు కావని నేను నొక్కి చెప్పడానికి కారణం ఇదే.

2015 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పీడీ-1 కళ్లెం పనిచేయకుండా అడ్డుపెట్టే నివోలుమాబ్ అనే మందును ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అనుమతించింది. అదే ఏడాది అక్టోబరులో అలాంటిదే పెంబ్రోలిజుమాబ్ వచ్చింది. మరుసటి ఏడాదికి, పీడీ-1 కళ్లెం బిగించే పీడీ-ఎల్1 అనే అణువు కణితి మీద ఎక్కువగా ఉన్నవాళ్లకు అది కీమో కంటే ముందే ఇచ్చే మందైంది. ఆ అనుమతికి ఆధారమైన పరీక్షలో అయిదేళ్ల తర్వాత పెంబ్రోలిజుమాబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో సుమారు 32 శాతం మంది బతికి ఉన్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16 శాతం. ఒళ్లంతా పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అయిదేళ్ల మాటే ఎత్తని కాలం చూసినవాళ్లకు ఆ అంకె విలువ తెలుసు.

దానితో పాటు కొత్త రకం కష్టాలు వచ్చాయి. కళ్లెం లేని కణాలు కొందరిలో సొంత పేగు మీద, థైరాయిడ్ మీద, కాలేయం మీద, ఊపిరితిత్తి మీద పడ్డాయి. 2016లో గుండె కండరం వాచి రోగులు హఠాత్తుగా మరణించిన సంగతీ బయటికొచ్చింది. అప్పుడు భయం తలకిందులైంది. కీమో రోజుల్లో టీకాకు ఒళ్లు స్పందించదని బెంగ, ఇప్పుడు మరీ ఎక్కువగా స్పందిస్తుందేమోనని. కారణాలు పూర్తిగా వ్యతిరేకం, ముగింపు మాత్రం అదే: టీకా వద్దు.

ఆ భయానికి ఊతం 2017లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. బాజెల్ నగరపు వైద్యులు పీడీ-1 మందుల మీద ఉన్న 23 మంది రోగులకు ఫ్లూ టీకా వేసి గమనించారు. యాంటీబాడీలు చక్కగా పుట్టాయి. కానీ సగానికి పైగా రోగుల్లో రోగనిరోధక దుష్ప్రభావాలు కనిపించాయి, ఆరుగురిలో తీవ్రంగా. మామూలుగా చూసే దానికంటే ఇది బాగా ఎక్కువ. పరిశోధకులు దీన్ని హెచ్చరికగానే చెప్పారు తప్ప తీర్పుగా కాదు. అయినా 23 మంది అంకె చాలామంది డాక్టర్ల మనసులో తిష్ఠవేసింది. చిన్న అధ్యయనం తప్పు కాదు. దాన్ని పెద్ద అధ్యయనం వచ్చేదాకా మాత్రమే మోయాలి.

పెద్దవి త్వరగానే వచ్చాయి. నెదర్లాండ్స్‌లో నివోలుమాబ్ మీద ఉన్న 127 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో 42 మంది ఫ్లూ టీకా వేయించుకున్నారు. వేయించుకున్నవాళ్లకీ మిగతావాళ్లకీ దుష్ప్రభావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో టీకా వేసిన 370 మంది రికార్డులు చూస్తే ఏదో ఒక దుష్ప్రభావం వచ్చినవాళ్లు 20 శాతం, తీవ్రమైనవి 8 శాతం. టీకా లేకపోయినా ఈ మందులతో కనిపించే స్థాయి అదే. ఇటలీలో 1,188 మందితో చేసిన అధ్యయనం నాకు మరీ విలువైనదిగా తోస్తుంది. ఎందుకంటే అది టీకా హాని చేస్తుందా అని ఆగిపోకుండా, మేలు చేస్తుందా అని కూడా అడిగింది. ఫ్లూ లాంటి జబ్బు వచ్చినవాళ్ల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. కానీ జబ్బు వచ్చాక చిక్కులు పడినవాళ్లు టీకా వేయించుకున్న వారిలో సుమారు 12 శాతం, వేయించుకోని వారిలో 38 శాతం.

ఎందుకు భయపడినట్టు జరగలేదు? టి కణాలన్నీ ఒకే గుంపు కాదు. ఫ్లూ టీకా లేపేది ఫ్లూను గుర్తుపట్టే కణాలను, యాంటీబాడీల తయారీకి సాయపడే మరికొన్నింటిని. థైరాయిడ్ మీదో పేగు మీదో పడే కణాలు వేరు. వాటిని మేల్కొలిపేది క్యాన్సర్ మందే కానీ టీకా సూది కాదు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది, దాని మీద చర్చ తక్కువ. ఇమ్యునోథెరపీ తనంతట తాను రోగిని ఇన్‌ఫెక్షన్లకు అప్పగించదు. దాని దుష్ప్రభావాలను అణచడానికి వాడే స్టెరాయిడ్లు అప్పగిస్తాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులు 740 మంది మీద 2016లో వచ్చిన పరిశీలనలో 7.3 శాతం మందికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది స్టెరాయిడ్లో, అదే పనికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందో వాడుతున్నవారు. అంటే టీకా వేయాల్సిన మంచి సమయం స్టెరాయిడ్ అవసరం పడకముందు. "అయ్యాక చూద్దాం" అన్న ప్రతి వారం ఆ సమయాన్ని తినేస్తుంది.

నిద్రపోతున్న వైరస్‌ల సంగతీ ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లను తొలి పరీక్షల నుంచి దాదాపు దూరంగానే ఉంచారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఈ వైరస్ ఉన్న 114 మందికి పీడీ-1 మందులు ఇచ్చినప్పుడు ఆరుగురిలో అది తిరిగి విజృంభించింది. ఆ ఆరుగురిలో అయిదుగురు ముందుజాగ్రత్తగా యాంటీవైరల్ మాత్రలు వాడనివారు. మొదటి ఇంజెక్షన్‌కు ముందే చేయించే చిన్న రక్తపరీక్ష దీన్ని పట్టిస్తుంది. మన దేశంలో దీనికి తోడు క్షయ కూడా చూసుకోవాలి. అది వైరస్ కాకపోయినా పాత మచ్చలున్న ఊపిరితిత్తులు మన దగ్గర ఎక్కువ.

2020 రాగానే ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. వూహాన్‌లో క్యాన్సర్‌కు ఊపిరితిత్తి ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరి కణజాలాన్ని తర్వాత చూస్తే, ఆపరేషన్ నాటికే అందులో కోవిడ్ ఆనవాళ్లు ఉన్నాయి. ఇటలీ వైద్యురాలు మరీనా గరాసీనో నాయకత్వంలో, కోవిడ్ సోకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కోసం టెరావోల్ట్ అనే ప్రపంచ రిజిస్ట్రీ తెరిచారు. ఎనిమిది దేశాల నుంచి చేరిన మొదటి 200 మందిలో 66 మంది చనిపోయారు. మూడింట ఒకరు. ఆ రోజుల్లో ఈ అంకె చదివిన రోగుల పిల్లలు ఏ రాత్రి నిద్రపోయి ఉంటారు? అయితే అదే నివేదికలో మరో సంగతి ఉంది: ఇమ్యునోథెరపీ మీద ఉండటం వల్ల మరణం ముప్పు పెరగలేదు. న్యూయార్క్ లెక్కలూ అదే చెప్పాయి. పొగతాగిన చరిత్ర, ముదిరిన వయసు, ఇతర జబ్బులు బరువుగా తూగాయి.

డాక్టర్లను అంతకంటే వేధించింది సీటీ స్కాన్. ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే న్యుమొనైటిస్ అనే ఊపిరితిత్తుల వాపులోనూ కోవిడ్‌లోనూ ఊపిరితిత్తుల్లో అవే మబ్బు తెరలు కనిపిస్తాయి. దగ్గు, ఆయాసం, జ్వరం అవే. న్యుమొనైటిస్ అయితే క్యాన్సర్ మందు ఆపి వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. కోవిడ్ తొలి రోజులైతే, ఆక్సిజన్ అవసరం లేనప్పుడు, స్టెరాయిడ్ మేలు చేయకపోగా హాని చేయవచ్చు. ఒకే బొమ్మ చూసి రెండు ఎదురెదురు నిర్ణయాల్లో ఒకటి తీసుకోవాలి. అది తేలేదాకా కొందరికి క్యాన్సర్ మందు వాయిదా పడింది. వైరస్ రోగిని తాకకుండానే చేసిన నష్టం అది, ఏ రిజిస్ట్రీలోనూ చేరనిది.

కోవిడ్ టీకాల పెద్ద పరీక్షల్లో చికిత్సలో ఉన్న క్యాన్సర్ రోగులకు చోటు దాదాపు లేదు. అందువల్ల మొదటి జవాబు పరీక్షల నుంచి కాక ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. టెల్ అవీవ్‌లో ఇమ్యునోథెరపీ మీద ఉండి ఫైజర్ టీకా రెండు డోసులూ వేయించుకున్న 134 మందిలో టీకాకు ముడిపెట్టదగ్గ కొత్త రోగనిరోధక దుష్ప్రభావం ఒక్కటీ కనబడలేదని 2021లో రాశారు. బాజెల్ భయం పుట్టిన నాలుగేళ్లకే ఇంత స్పష్టత. మన దేశంలో 2021 మార్చి 1న అరవై దాటినవారితో పాటు, నలభై అయిదు దాటి క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికీ టీకా తలుపు తెరుచుకుంది. మనవాళ్లు వేయించుకున్నది ఎక్కువగా పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్. ఇవి రెండూ ఫైజర్ టీకాలా ఎంఆర్ఎన్ఏ టీకాలు కావు. ఈ తేడా ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ముఖ్యం.

2025 అక్టోబరులో నేచర్ పత్రికలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, హ్యూస్టన్ ఎండీ ఆండర్సన్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ మొదలుపెట్టిన రోజుకు అటూ ఇటూ వంద రోజుల్లో ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకా పడిన 180 మందిని, పడని 704 మందితో పోల్చారు. మధ్యస్థ ఆయుర్దాయం టీకా లేనివాళ్లలో 20.6 నెలలు, ఉన్నవాళ్లలో 37.3 నెలలు. ఫ్లూ, న్యుమోనియా టీకాలతో ఇలాంటి తేడా రాలేదు. ఎలుకల్లో వెతికితే కారణంగా తేలింది ఇంటర్‌ఫెరాన్. ఎంఆర్ఎన్ఏ టీకాను ఒళ్లు వైరస్ దాడిగా భావించి ఇంటర్‌ఫెరాన్ కుమ్మరిస్తుంది, టి కణాలు కణితి మీదికి కదులుతాయి, కణితి ఆత్మరక్షణకు పీడీ-ఎల్1 పెంచుకుంటుంది, సరిగ్గా అప్పుడే పీడీ-1 మందుకు పని దొరుకుతుంది. కోలీ జ్వరాల్లో వెతికినదీ, ఐజాక్స్ కోడిగుడ్డు పొరలో చూసినదీ ఇక్కడ ఒకే దారిలో కలిశాయి.

ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఉత్సాహాన్ని దాచుకోను. కానీ ఇది గత రికార్డులు తిరగేసి తీసిన లెక్క. టీకాకు వెళ్లగలిగిన రోగి సాధారణంగా కాస్త బలంగా ఉన్న రోగి, ఎక్కువ కాలం బతికిన మనిషికే టీకా పడే అవకాశమూ ఎక్కువ. పరిశోధకులు వీటికి సర్దుబాట్లు చేశారు, అయినా చీటీలు తీసినట్టు రోగులను రెండు జట్లుగా విడదీసి చేసే పరీక్ష లేకుండా దీన్ని చికిత్సగా రాయకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఎన్నో ఏళ్ల ఆశ పెట్టుకున్న మేజ్-ఏ3 అనే క్యాన్సర్ చికిత్సా టీకా, 2,272 మందితో చేసిన పరీక్షలో 2014లో విఫలమవడం మరిచిపోవడానికి వీల్లేదు. కోవిషీల్డ్ వేసుకున్న మన రోగి ఈ వార్త వాట్సాప్‌లో చూసి తనకూ వర్తిస్తుందనుకుంటే అది పొరపాటు.

ఈ ఆశ నిజమైనా కాకపోయినా, ఇమ్యునోథెరపీ రోగికి టీకా వేయడానికి కావలసిన కారణం ఇప్పటికే చేతిలో ఉంది: ఫ్లూ అతన్ని ఆసుపత్రి పాలుచేస్తుంది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకం ఏటా ఫ్లూ టీకా, కోవిడ్, న్యుమోకాకల్, హెపటైటిస్ బి, అక్కి రాకుండా వేసే నిర్జీవ టీకా సూచించింది. వీలైతే చికిత్సకు రెండు నుంచి నాలుగు వారాల ముందు వేయాలి. అందుకోసం చికిత్సను ఆపక్కర్లేదు. ఇంట్లో వాళ్లూ వేయించుకోవాలి. మన రాష్ట్రాల్లో ఫ్లూ వానలతో పాటు పెరుగుతుంది కాబట్టి వేసవి చివర అడిగితే మంచిది.

అయితే అడిగినవాడికి ఎదురయ్యేది ధర. మన దేశపు సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకూ గర్భిణులకూ ఉద్దేశించింది. పెద్దవాళ్లకు ఫ్లూ టీకా, న్యుమోకాకల్, అక్కి టీకా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ విభాగం ఒక అంతస్తులో, టీకాలు పిల్లల విభాగంలో ఉంటాయి. రోగి ఆ రెండింటి మధ్య తనంతట తాను నడవాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం క్యాన్సర్ చికిత్సకు డబ్బు కడుతున్నప్పుడు ఆ ప్యాకేజీలోనే ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు, మొదటి రోజు హెపటైటిస్ బి పరీక్ష చేరాలి. ఒక న్యుమోనియా రోగిని వారం రోజులు ఐసీయూలో ఉంచే ఖర్చు ముందు ఆ టీకాల ఖర్చు ఎంతో లెక్కవేయడానికి కమిటీ అక్కర్లేదు.